క్వినైన్ మాస్టారు, నా హవాయి చెప్పు

మన హైస్కూలు బ్యాచ్ సంచిక కమిటీ వాళ్ళు మూడోసారి ఫోన్ చేశారు. "ఐదేళ్ళ జ్ఞాపకాలు, ఒక్క పేజీ, ఆదివారంలోగా" అని హుకుం. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా నాకేమీ గుర్తులేదు. నౌపడా బండి కూత విని గేటు దాకా పరుగెత్తడం గుర్తుంది, అంతే. సోడాబుడ్డిగాడి సైకిలు సంగతి వాడే రాస్తాడు, ఆపినా ఆగడు. నాకు మిగిలింది ఒక్క రోజు. 1993 జనవరి, సంక్రాంతి వెళ్ళాక వచ్చిన ఆదివారం, సెరంగో కొండలు.

అప్పటికి గజపతి జిల్లా పుట్టి నాలుగు నెలలు కూడా కాలేదు. పర్లాకిమిడంతా కలెక్టరాఫీసు కబుర్లే. మన మాస్టారికి మాత్రం గిడుగు వారు తప్ప ఇంకో లోకం లేదు. రామమూర్తి పంతులుగారు 1880లో మనూరికి టీచరుగా వచ్చారట, సవరల దగ్గర వాళ్ళ భాష నేర్చుకున్నారట, ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారట, క్వినైన్ మింగి మింగి చెవులు పోగొట్టుకున్నారట. సిలబస్‌లో లేని ఈ పాఠం వారానికి రెండుసార్లు విన్నాం. చివరికి "విన్నది చాలు, నడవండి" అన్నారాయన. పరీక్షలు నెత్తిమీద పెట్టుకుని ఇరవై ముగ్గురం బస్సెక్కాం.

బస్సు దిగాక అసలు కథ మొదలైంది. మొదటి ఊరు దాకా ఫరవాలేదు. అక్కణ్ణించి పై ఊరికి దారి నిచ్చెన వేసినట్టు నిట్టనిలువుగా ఉంది. ఎంత దూరమని ఎవరినడిగినా ఒడియాలో ఒకటే మాట, "ఆఉ టికే", అంటే ఇంకొంచెం. గంట నడిచాక ఇంకొకాయన్ని అడిగితే ఆయనా "ఆఉ టికే" అన్నాడు. ఆ తరవాత పరీక్షల దాకా లెక్కల పీరియడ్‌లో ఆ మాట ఎలా వాడామో మీకు చెప్పక్కర్లేదు.

ముందు నడుస్తున్న కుర్రాళ్ళు పందెం వేసుకుని పైకి దూకారు. నేను అందరికంటే వెనక. అప్పుడు నేనెంత లావో గ్రూపులో ఫోటోలు పెట్టి మరీ గుర్తుచేస్తున్నారు కదా, సంతోషం. మాస్టారు నా వెనక నడిచారు. రోజంతా ఒక్కసారి కూడా నన్ను దాటలేదు.

"ఏట్రా, అలా ఎగురుతావు? చిన్న చిన్న అడుగులెయ్యి. కూర్చోకు, కూర్చుంటే కాళ్ళు బిగుసుకుపోతాయి. నిలబడి ఊపిరి పీల్చు."

సగంలో నా చెప్పు పట్టీ తెగింది. దిగివస్తున్న ఒక సవర తాత ఆగి, నా కాలు చూసి, మాటాడకుండా పక్కనున్న అడ్డతీగ మీద కత్తితో గాటు పెట్టాడు. పట్ట ఊడదీసి, లోపలి నార రెండు పాయలు చేసి, తొడమీద పెట్టి అరచేత్తో పురి తిప్పాడు. చెప్పు కన్నంలోంచి దూర్చి కింద ముడేశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నేను జేబులో రూపాయి వెతుక్కునేలోపే కిందికెళ్ళిపోయాడు.

అక్కడే మాస్టారు ఒకటి చూపించారు. మనుషుల బాట కొండమీదికి సూటిగా పోతోంది. పక్కనే ఇంకో సన్నటి గీత అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ వెళ్తోంది. "అది ఆవుల దారి. మనిషికి తొందర, ఆవుకేటి? పద, అలా పోదాం" అన్నారు. వెళ్ళాం. రాళ్ళ గోడలు కట్టి మెట్లు మెట్లుగా చేసిన పొలాల పక్కనుంచి, ఆవుల్లాగే. అరగంట ఆలస్యంగా చేరితే పందెం వీరులంతా ఇంటి అరుగు మీద శవాల్లా పడున్నారు. ఒక ముసలమ్మ సొరబుర్రతో చోడంబలి పోసింది. దానంత రుచి నేను తరవాత ఏ హోటల్లోనూ ఎరగను. జీలుగు కల్లు సంగతి ఇక్కడ రాయను. తాగినవాడి కూతురు కూడా ఈ సంచిక చదువుతుంది.

తరవాత డిప్లొమా, తరవాత ఉద్యోగం. కొండదారుల పనే నాది. వీలైనంత వరకు ఇరవై మీటర్లకి ఒక్క మీటరే ఎక్కాలని పుస్తకంలో చదివిన రోజు నాకు ఆ గీతే గుర్తొచ్చింది. ఇప్పటికి పదకొండు ఊళ్ళకి దారి వేయించాను. గొప్పకి చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే.

మొన్న వైజాగ్‌లో కొడుకు దగ్గరున్న మాస్టారికి ఫోన్ చేశాను. క్వినైన్ మింగకుండానే ఆయనకీ చెముడొచ్చింది, అరిచి చెప్పాల్సొచ్చింది.

"మనం ఎక్కిన ఆ పై ఊరికి దారి పడిందేట్రా?"

"పడుతోంది మాస్టారూ! ఇంకో రెండు కిలోమీటర్లుంది!"

"ఎంత?"

"రెండు!"

"ఓహో, ఆఉ టికే" అని నవ్వారు.

ఫోటో విడిగా పంపుతున్నాను. ఎడమ చివర నేనే. కమిటీ వాళ్ళు మళ్ళీ కాళ్ళు కత్తిరించేస్తారేమో, కత్తిరించకండి. నార ముడి కనిపిస్తుంది.