ఆఖరి విజిల్ తర్వాత

ఫుట్‌బాల్ స్టేడియానికి అభిమానులను చేర్చడం కన్నా, ఆట ముగిశాక వారిని తిరిగి పంపడమే కష్టమన్న సంగతి రవాణా పనిలో ఉన్నవారికి తెలుసు. వచ్చేటప్పుడు జనం మూడు నాలుగు గంటల వ్యవధిలో విడతలుగా వస్తారు. వెళ్లేటప్పుడు మాత్రం రెఫరీ ఆఖరి విజిల్ ఊదిన కాసేపటికే అందరూ ఒక్కసారిగా గేట్ల వైపు కదులుతారు. కొవిడ్ కాలంలో ఖతార్‌లో మొదట మెట్రో స్టేషన్ల బయట క్యూల దగ్గర, తర్వాత షటిల్ బస్సుల దగ్గర సూపర్‌వైజర్‌గా పనిచేసిన నాకు, మా జాగ్రత్తలన్నిటికీ అసలు పరీక్ష ఆ సమయంలోనే ఎదురయ్యేది.

దోహా మెట్రో 2020 మార్చిలో ఆగిపోయింది. అదే నెలలో వలస కార్మికుల క్యాంపులుండే ఇండస్ట్రియల్ ఏరియాలో కొంత భాగాన్ని పూర్తిగా మూసివేశారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కడప, గోదావరి జిల్లాల నుంచి పనికి వచ్చిన మనవాళ్లకు క్యాంపు జీవితం ఎలా ఉంటుందో తెలుసు: ఒక గదిలో ఆరేడుగురు, అందరికీ ఒకే వంటగది, ఒకే వరుసలో స్నానాల గదులు. అందుకే సెప్టెంబర్ 1న మెట్రో 30 శాతం ప్రయాణికులతో మళ్లీ మొదలైనప్పుడు, ఫోన్‌లో మనిషి కొవిడ్ స్థితిని రంగులతో తెలిపే ఎహ్‌తెరాజ్ యాప్ ఆకుపచ్చ రంగు చూపితేనే లోపలికి పంపాలన్న నిబంధనను మాలో ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు. మాతో పనిచేసిన జగిత్యాల డ్రైవర్ ఒకరు, మాస్కు కిందికి జార్చిన ప్రయాణికుడిని బస్సు మెట్టు మీదే ఆపి, నా వైపు తిరిగి, "అన్నా, ఇయ్యాల నేను ఊకుంటే రేపు మా రూమంత పండుకుంటది" అన్నారు. ఆయన భయంలో అతిశయం ఏమీ లేదు.

2020 డిసెంబర్ 18న, ఖతార్ జాతీయ దినోత్సవం రోజున, అహ్మద్ బిన్ అలీ స్టేడియాన్ని అమీర్ కప్ ఫైనల్‌తో ప్రారంభించారు. అల్ సద్ 2–1 తేడాతో అల్ అరబీని ఓడించిన ఆ మ్యాచ్‌కు, 40 వేల సీట్లున్న స్టేడియంలో సగం మందినే అనుమతించారు. 2021 ఫిబ్రవరిలో జరిగిన క్లబ్ ప్రపంచ కప్‌కు ఆ పరిమితిని 30 శాతానికి తగ్గించారు. అయినా ఈజిప్టు జట్టు అల్ అహ్లీ ఆడిన రోజుల్లో దోహాలోని ఈజిప్షియన్లు ఎర్ర జెర్సీలు వేసుకుని, పాటలు పాడుకుంటూ వచ్చారు. పాట పాడేవాడిని దూరంగా నిలబడమనడం, మాస్కు తీయవద్దనడం ఎంత కష్టమో అక్కడ నిలబడి చెప్పినవారికే తెలుస్తుంది. వారు కూడా మాలాగే పరాయి దేశంలో పని చేసుకునేవారు, నెలల తరబడి గదుల్లో మగ్గినవారు. వారి ఆనందాన్ని అడ్డుకుంటున్నామన్న భావన కలగకుండా మాట్లాడాలని మా వాళ్లకు పదే పదే చెప్పేవాడిని.

స్టేడియంలో సీటు వదిలి సీటు కూర్చోబెట్టడం సులభం, ఎందుకంటే అక్కడ ఎవరి స్థలం వారికి ముందే నిర్ణయమై ఉంటుంది. బస్సు విషయంలో ఆ నియమమే కొత్త చిక్కు తెస్తుంది. ఉదాహరణకు అయిదు వేల మందిని మెట్రో స్టేషన్‌కు చేర్చాలనుకుందాం. యాభై సీట్ల బస్సులో యాభై మందినీ ఎక్కిస్తే వంద ట్రిప్పులు చాలు, సగం మందినే ఎక్కిస్తే రెండు వందలు కావాలి. యాభై బస్సులుండి, ఒక్కో బస్సు వెళ్లి రావడానికి గంట పడితే, రెండు గంటల పని నాలుగు గంటలవుతుంది. అంటే బస్సులో తగ్గించిన రద్దీ మాయం కాదు, క్యూలోకి చేరుతుంది. క్యూ ఆరుబయట ఉంటుంది కనుక తలుపులు మూసిన బస్సు కన్నా అక్కడ ప్రమాదం తక్కువ, కానీ మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉంటేనే. బస్సుల సంఖ్య చూసి సంతృప్తి పడే అధికారులకు ఈ లెక్కను కాగితం మీద వేసి చూపించాల్సి వచ్చేది.

అందువల్ల మా శ్రమలో ఎక్కువ భాగం బస్సు దగ్గర కాక, దానికి చాలా ముందు, గేటు నుంచి బయటికి వచ్చే దారిలో సాగేది. మేడారం జాతరలో ఆర్టీసీ బస్సుల కోసం కట్టే క్యూ లైన్లు చూసినవారు దీన్ని తేలిగ్గా ఊహించుకోగలరు. బారికేడ్లతో దారిని మెలికలు తిప్పి, కొద్దికొద్ది మందిగా ఆపి, ముందున్న గుంపు బస్సులు ఎక్కిన తర్వాతే వెనుకవారిని వదిలేవాళ్లం. ఎంతసేపు ఆగాలో ముందే చెబితే జనం ఓపిగ్గా నిలబడతారు. ఏమీ చెప్పకుండా ఆపితే తోసుకుంటారు, తోపులాట మొదలయ్యాక ఎడం గురించి మాట్లాడి ప్రయోజనం లేదు. అందుకే అరబిక్, హిందీ, మలయాళం, ఇంగ్లిష్ వచ్చినవారిని ప్రతి మలుపు దగ్గరా నిలబెట్టాలని పట్టుబట్టాను. మైకు కన్నా మనిషి చెప్పిన మాట ఎక్కువ పనిచేసింది.

2021 నవంబర్ 30న అరబ్ కప్ మొదలయ్యేనాటికి పరిస్థితి మారింది. టీకాలు వచ్చాయి, స్టేడియాలు నిండుగా తెరుచుకున్నాయి. కానీ టోర్నీకి నాలుగు రోజుల ముందే ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త రకం వైరస్‌కు ఒమిక్రాన్ అని పేరు పెట్టడంతో, సడలిన మాస్కులు మళ్లీ బిగిశాయి. అల్ ఖోర్‌లోని అల్ బైత్ స్టేడియం దోహాకు ఉత్తరాన సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉంది. మెట్రో అక్కడిదాకా లేదు. రెడ్ లైన్ చివరి స్టేషన్ లుసైల్ నుంచి షటిల్ బస్సులే ఆధారం. ఖతార్, యుఏఈ తలపడిన క్వార్టర్ ఫైనల్‌కు అక్కడికి 63 వేలకు పైగా జనం వచ్చారు.

డిసెంబర్ 18న అదే స్టేడియంలో అల్జీరియా, ట్యునీషియా ఆడిన ఫైనల్ తొంభై నిమిషాల్లో తేలలేదు. అదనపు సమయంలో అల్జీరియా 2–0తో గెలిచింది. చూసేవారికి అది ఉత్కంఠ. మధ్యాహ్నం నుంచి స్టీరింగ్ ముందు మాస్కుతో కూర్చున్న డ్రైవర్‌కు మాత్రం అది ఇంకో అరగంట డ్యూటీ, ఆ తర్వాత జాతీయ దినోత్సవపు ట్రాఫిక్‌లో మరికొన్ని ట్రిప్పులు. అలసిన డ్రైవర్ వైరస్ కన్నా తక్కువ ప్రమాదమేమీ కాదని నా గట్టి నమ్మకం. నాకౌట్ మ్యాచ్‌కు డ్యూటీ వేసేటప్పుడు నూట ఇరవై నిమిషాలనూ, పెనాల్టీలనూ కలుపుకొని, మారడానికి వేరే డ్రైవర్లను స్టేడియం దగ్గరే ఉంచాలని ఆ రాత్రి తర్వాత రాసిచ్చాను. ఏడాది తిరిగాక, లుసైల్‌లో ప్రపంచ కప్ ఫైనల్ పెనాల్టీల దాకా వెళ్లింది.