చాకు పిడిలో వెండి తీగ పొదగడం: నా అనుభవం

మా నాన్న వడ్రంగి. ఏళ్ల తరబడి వాడిన ఆయన చెక్కుడు చాకుకు పిడి పగిలిపోతే, పాత పందిరిమంచం కోడులోంచి కోసిన రోజ్‌వుడ్ ముక్కతో కొత్త పిడి ఆయనే చేసుకున్నారు. దాని మీద వెండి తీగతో ఒక మామిడి పిందె పొదిగి ఇవ్వాలని నాకు బుద్ధి పుట్టింది. అంతకుముందు ఒక మేళాలో మైన్‌పురి పెట్టెలు చూశాను. ఉత్తరప్రదేశ్‌లోని ఆ ఊళ్లో షీషం అనే గట్టి చెక్కలో ఇత్తడి తీగ పొదుగుతారు. తార్‌కశీ అంటారు. ఒకప్పుడు పావుకోళ్ల మీద కూడా ఈ పని చేసేవారు. ఆ గీతల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

గాడి తవ్వి, గమ్ పోసి, తీగ పెడితే సరిపోతుందనుకున్నాను. ఒక టేకు ముక్క మీద అలాగే చేశాను. ఆరాక ఆకురాయి పెట్టి నాలుగు సార్లు రుద్దేసరికి తీగ మొత్తం ఊడి చేతికొచ్చింది. నాన్న చూసి, "గాడి ఎందుకు తవ్వుతున్నావమ్మా? చెక్కని తియ్యకూడదు, పక్కకి జరపాలి. మేకుని పట్టుకునేది గమ్మా? చుట్టూ బిగుసుకున్న చెక్కే కదా!" అన్నారు. అసలు కిటుకంతా ఆ మాటలోనే ఉంది.

గుండ్రటి తీగ కూడా పనికిరాదు, బల్లపరుపు పట్టీ కావాలి. మా ఊరి కంసాలి గారి దగ్గరికి వెళ్లాను. 92.5 వెండిలో రాగి కలుస్తుంది కాబట్టి గట్టిగా ఉంటుందనీ, ఈ పనికి మేలిమి వెండే మంచిదనీ చెప్పారు. కమ్మెచ్చులో, అంటే తీగను సన్నబరిచే రంధ్రాల పలకలో లాగి, రోలర్‌లో నొక్కి, పావు మిల్లీమీటరు మందం, ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పుతో పట్టీ తీసిచ్చారు. 10 గ్రాముల వెండికి రెండున్నర మీటర్లకు కాస్త తక్కువ వచ్చింది. ఒక పిడికి అది ఎక్కువే.

ఉలి మాత్రం కొనలేదు. విరిగిన హాక్సా బ్లేడు ముక్కలనే అరగదీసి మూడు చేసుకున్నాను: 6, 3, 2 మిల్లీమీటర్ల వెడల్పువి. నీళ్లలో ముంచుతూ అరగదీయాలి, వేడెక్కి నీలం రంగు తిరిగితే మొన నిలవదు. నిటారుగా పెట్టి చిన్న సుత్తితో కొడితే చెక్క చీలుతుంది, పొట్టు రాదు. లోతు పట్టీ వెడల్పు కన్నా కాస్త తక్కువ ఉండాలి. అందుకని బ్లేడు మీద మార్కర్‌తో గీత పెట్టుకున్నాను. వంపుల దగ్గర 2 మిల్లీమీటర్ల ఉలితో, ఒక దెబ్బ అంచు మీద ఇంకో దెబ్బ పడేలా జరుపుకుంటూ వెళ్లాలి. చెక్క ఈనెకి అడ్డంగా కొడితే చీలిక మాట వింటుంది, ఈనె వెంట కొడితే గీత దాటి పరిగెడుతుంది. టేకులో నాకు మూడు ముక్కలు అలాగే పోయాయి. రోజ్‌వుడ్ చిక్కగా ఉంటుంది కాబట్టి నయం.

పిందె తోక దగ్గర టెన్షన్ పడ్డాను. వంచిన కొద్దీ వెండి బిరుసెక్కి, చీలికలోంచి పైకి ఎగిరింది. కాల్చి మెత్తబరుద్దామని మంట మీద పెడితే పట్టీ కొస కరిగి పూసలా అయిపోయింది. కంసాలి గారు మళ్లీ దారి చూపించారు. తీగను వదులుగా చుట్టచుట్టి, గదిలో లైటు ఆర్పి, చిన్న మంట మీద తిప్పాలి. సన్నగా ఎరుపు కనపడగానే నీళ్లలో వేయాలి. వెలుతురులో ఆ ఎరుపు కంటికి కనపడదు.

తర్వాత పట్టీ రెండు పక్కలా గరుకు కాగితంతో గీతలు పెట్టాను, చెక్కకి పట్టు దొరకాలని. కొంచెం కొంచెంగా తట్టుతూ దింపి, పైన తడిగుడ్డ వేసి రాత్రంతా ఉంచాను. నీళ్లు తాగి ఉబ్బిన చెక్క తీగను బిగించేసింది. పొద్దున చూస్తే చీలిక జాడ లేదు. ఆ సంతోషం ఇంకా గుర్తుంది.

ఆ సంతోషంలోనే తొందరపడ్డాను. వెంటనే ఆకురాయి పట్టి వెండిని చెక్కతో సమం చేసేశాను. నాలుగు రోజులకు చెక్క ఆరి కుంగింది, వెండి మాత్రం అంచులా పైకి తేలింది. వేలితో రాస్తే గీరుకునేది. వారం రోజులు నీడన పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ సమం చేశాను. ఈసారి గరుకు కాగితాన్ని చెక్కదిమ్మకు చుట్టి రుద్దాను. వేలితో రుద్దితే చెక్క త్వరగా అరిగి, వెండి అలాగే మిగిలిపోతుంది. వెండి పొడి నల్లగా చెక్క రంధ్రాల్లోకి దూరుతుంది కాబట్టి బ్రష్‌తో దులుపుతూ ఉండాలి. తెల్ల చెక్క అయితే ఆ మరక పోదు. చివర్లో అవిసె నూనె రెండు పూతలు పూశాను.

ఇప్పుడు నాన్న ఆ చాకుతోనే పని చేస్తున్నారు. పిందె ఆయన బొటనవేలి కిందే వస్తుంది కాబట్టి అక్కడ వెండి నల్లబడకుండా మెరుస్తోంది. పిడి రెండో వైపు ఖాళీగా ఉంది. దాని మీద ఆయనే పెన్సిల్‌తో ఒక చిలుకను గీసి పెట్టారు.