గుద్ది, తిట్టి, పారిపోయాడు

నిన్న రాత్రి తిరుపతిలో, తిరుచానూరు రోడ్డులో ఒక పెళ్లికి వెళ్లాం. భోజనాలయ్యి బయటికి వస్తుండగా మండపం పార్కింగులో ఒక తెల్ల కారు రివర్సులో దూసుకొచ్చి మా బావగారి స్కూటర్‌ను పడగొట్టింది. పక్కనే ఉన్న వాచ్‌మన్ తాత చటుక్కున తప్పుకోబట్టి సరిపోయింది. మోచేయి మాత్రం చెక్కుకుపోయింది. డ్రైవరు అద్దం దించి, "కళ్లు కనబడవా?" అని ఎదురు ఆయన్నే కసిరాడు. మాట ముద్దగా ఉంది, మందు వాసన గుప్పుమంది. గేటు స్తంభాన్ని రాసుకుంటూ, హెడ్‌లైట్లు కూడా వేయకుండా వెళ్లిపోయాడు.

తాగాడని తేల్చాల్సింది పరీక్షే. 100 మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. గంటలు గడిచేకొద్దీ ఆ అంకె దిగిపోతుంది. పారిపోయేవాళ్ల ధీమా అదేనేమో!

"రోడ్డు మీద జరగలేదు కదా, వదిలేయండి" అని ఒక పెద్దమనిషి సలహా. పెళ్లిళ్లలో ఇలాంటి ఉచిత ప్లీడర్లకు కొదవ లేదు. జనానికి ప్రవేశ హక్కున్న చోటు రోడ్డే కానక్కర్లేదు, చట్టం దృష్టిలో బహిరంగ స్థలమే. గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవరు బాధ్యత.

112కు ఫోన్ చేశాం. తాతకు కట్టు కట్టించి, ఇంజెక్షన్ వేయించాం. పెళ్లి వీడియో తీస్తున్న కుర్రాడి కెమెరాలో కారు నంబరు స్పష్టంగా పడింది. ఫిర్యాదులో బావగారు స్కూటర్ కంటే ముందు తాత గాయం రాయించారు.