సిగ్నల్ దగ్గర ఆగిపోయే ఇంజిన్
కారు కొన్న కొత్తలో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగిపోతే గుండె జారింది. వెనకాల ఒకటే హారన్లు. క్లచ్ తొక్కగానే మళ్లీ స్టార్టయింది, పరువు దక్కింది. అది పాడవడం కాదు, బండి ఆగినప్పుడు ఇంధనం ఆదా చేయడానికి ఇంజిన్‌ని ఆపేసే 'స్టార్ట్-స్టాప్' ఏర్పాటని తర్వాత తెలిసింది.

"రోజూ ఇన్నిసార్లు ఆగి స్టార్టయితే ఇంజిన్ అరిగిపోదా అన్నా?" అని మెకానిక్‌ని అడిగాను. నవ్వాడు. అరుగుదల ఎక్కువగా పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడేనట. వేడిగా ఉన్నప్పుడు బేరింగుల మీద ఆయిల్ పొర ఇంకా మిగిలే ఉంటుంది. పైగా ఈ కార్లకు స్టార్టర్ మోటారు గట్టిదే వేస్తారు.

అసలు ఖర్చు బ్యాటరీది. ఇలా మాటిమాటికీ స్టార్టవడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ రకం గానీ ఏజీఎం రకం గానీ వేయాలి. చౌకగా వస్తుందని నేను మామూలుది వేయించాను, కొన్ని నెలలకే చతికిలపడింది.

మే ఎండల్లో మాత్రం బటన్ నొక్కి ఈ స్టార్ట్-స్టాప్‌ని ఆపేస్తున్నా. ఇంజిన్ కోసం కాదు, ఇంజిన్ ఆగితే చల్లదనం తగ్గిపోయే ఏసీ కోసం!