ప్యాడ్‌లో మన డప్పు పలకాలంటే

బెంగళూరులో తెలుగువారి కార్యక్రమాలకు లయవాద్యం వాయించేవారిలో ఎక్కువమంది ఈనాడు ప్యాడ్‌నే, అంటే రబ్బరు పలకల మీద కొడితే రకరకాల వాద్యాల ధ్వనులు పలికే ఎలక్ట్రానిక్ వాద్యాన్నే, నమ్ముకున్నారు. మారతహళ్లి, కృష్ణరాజపురం వైపు వేసే వినాయక చవితి పందిళ్లలోనైనా, ఆదివారం జరిగే తెలుగు ఆరాధనల్లోనైనా, వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి వేదిక మీదనైనా ఢోలక్, తబలా, డప్పు, తాషా వాయించే కళాకారులను విడివిడిగా పిలిపించుకునే స్తోమత నిర్వాహకులకు చాలాసార్లు ఉండదు కనుక, వారందరి పనినీ ప్యాడ్ ముందు నిలబడిన ఒక్కరే చేయవలసి వస్తుంది. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో ఇలా వాయించేవారిలో నేనూ ఒకణ్ణి. ఈ రెండు పనులూ ఎక్కడ కలుస్తాయో అక్కడి సంగతి, అంటే తయారీ సంస్థలతో సంబంధం లేని వ్యక్తులు ఎలక్ట్రానిక్ డ్రమ్ ధ్వనులను దిద్దుకోవడానికి రాసిన స్వతంత్ర సాఫ్ట్‌వేర్ సంగతి, ఇక్కడ రాస్తున్నాను.

ఒక ప్యాడ్ ఎంతకాలం పనికొస్తుందనేది చాలావరకు దానిలోని ధ్వనులను దిద్దే సాధనం మీదే ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం. రబ్బరు పలక అరిగిపోతే మార్పించుకోవచ్చు, లోపలి సెన్సర్ పోతే అతికించేవారు ఊళ్లోనే దొరుకుతారు. కానీ వాద్యంతోపాటు సంస్థ ఇచ్చిన ఎడిటర్, అంటే ధ్వనులను కంప్యూటర్ నుంచి దిద్దే ప్రోగ్రాము, కొత్త కంప్యూటర్ మీద తెరుచుకోకపోతే దాన్ని బాగుచేసేవారు బయట ఎవరూ ఉండరు. 2019లో ఆపిల్ తన కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్‌కు కెటలీనా అనే రూపాన్ని విడుదల చేసినప్పుడు 32 బిట్ల పాత తరహా ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా మూలపడ్డాయి. వాటిలో సంగీత పరికరాల ఎడిటర్లు కూడా ఉన్నాయి. అమ్మకాలు ఆగిపోయిన వాద్యానికి మళ్లీ ఎడిటర్ రాయించడం ఏ సంస్థకూ లాభం కాదు కాబట్టి, ఆ భారం వాయించేవారి మీదే పడుతుంది.

పాత ప్యాడ్‌ను ఎడిటర్ లేకుండా దిద్దడం ఎంత శ్రమో వాయించనివారికి అంత సులువుగా తెలియదు. మనవైపు ఆర్కెస్ట్రాల్లో ఇప్పటికీ వినిపించే రోలాండ్ ఎస్‌పీడీ-20నే చూడండి. 1998లో వచ్చిన ఈ వాద్యంలో 8 పలకలు, 700 ధ్వనులు, 99 ప్యాచ్‌లు ఉన్నాయి. పలకలన్నిటి అమరికలనూ కలిపి దాచుకున్న ఒక్కో సమితిని ప్యాచ్ అంటారు. ఒక్కొక్క పలకకు ధ్వని, స్థాయి, శ్రుతి, నిడివి, కుడి ఎడమల వాటా, స్పర్శకు స్పందించే తీరు అంటూ కనీసం ఆరు అమరికలు అనుకున్నా ఒక్క ప్యాచ్‌కు 48 విలువలు అవుతాయి. అంకెలు మాత్రమే చూపే చిన్న తెర మీద, మీటలు నొక్కుకుంటూ, ఒకదాని తర్వాత ఒకటిగా ఇవన్నీ మార్చుకోవాలి. ఎనిమిది పలకల విలువలనూ ఒకేచోట పరిచి చూపే తెర కంప్యూటర్ మీద ఉంటే, ఏ పలక పక్కపలక కంటే ఎక్కువగా మోగుతోందో చూసిన వెంటనే తెలుస్తుంది.

ఇలాంటి తెరను సంస్థ అనుమతి లేకుండా బయటివారు తయారుచేయగలగడానికి, ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి, కంప్యూటర్‌తో మాట్లాడుకునే ఉమ్మడి భాష అయిన మిడి ప్రమాణమే కారణం. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ అనే సంగీత వాద్యాల వ్యాపార ప్రదర్శనలో, పోటీ సంస్థలు తయారుచేసిన ప్రాఫెట్-600, జూపిటర్-6 అనే రెండు సింథసైజర్లను తీగతో కలిపి, ఒకదాన్ని వాయిస్తే రెండోది పలికేటట్లు చూపించారు. ఆ ప్రమాణంలోనే, ఒక్కో సంస్థ తన పరికరాల కోసం ప్రత్యేకంగా వాడుకునే సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ అనే సందేశానికి చోటు కల్పించారు. అది 240 అనే సంఖ్యతో మొదలై 247తో ముగుస్తుంది. మధ్యలో ఉండే ప్రతి విలువా 0 నుంచి 127 లోపే ఉండాలి. మొదట సంస్థ గుర్తు వస్తుంది, రోలాండ్‌కు అది 65. తర్వాత పరికరం గుర్తులు, ఆపైన ఆజ్ఞ ఉంటాయి. రోలాండ్ పద్ధతిలో 17 అంటే విలువ అడగడం, 18 అంటే విలువ రాయడం. దాని వెనుక ఏ అమరికను మార్చాలో తెలిపే చిరునామా, కొత్త విలువ, చివర ఒక తనిఖీ సంఖ్య వస్తాయి. ఈ తనిఖీ సంఖ్యను చేతితోనే లెక్కించుకోవచ్చు. చిరునామా 64, 1, 48, విలువ 6 అయితే వాటి మొత్తం 119. దాన్ని 128 నుంచి తీసివేస్తే వచ్చే 9 తనిఖీ సంఖ్య. మొత్తం 128 దాటితే, ముందు దాన్ని 128తో భాగించి, మిగిలినదాన్ని 128 నుంచి తీసివేయాలి. ఇది తప్పితే వాద్యం ఆ సందేశాన్ని పట్టించుకోదు.

రోలాండ్ తన వాద్యాల కరదీపికల చివరి పుటల్లో ఈ చిరునామాల పట్టికను చాలాకాలం నుంచి అచ్చువేస్తూ వచ్చింది. స్వతంత్ర ఎడిటర్లు రాసినవారికి ఆ పుటలే పునాది. పట్టిక ఇవ్వని పరికరాల విషయంలో మాత్రం ఒక్కొక్క అమరికనూ మారుస్తూ, బయటికి వచ్చే సందేశంలో ఏ సంఖ్య మారిందో గమనిస్తూ పట్టికను తామే తిరిగి రాసుకున్నవారు ఉన్నారు. ఎవరో తెలియని వాయిద్యకారుల కోసం అంత ఓపికగా కూర్చున్న ఆ మనుషుల పట్ల నాకు ఎంతో గౌరవం ఉంది.

ఇక్కడే ఆచరణలో ఎదురయ్యే ఒక చిక్కు గురించి చెప్పాలి. మిడి తీగలో సమాచారం సెకనుకు 31,250 బిట్ల వేగంతో నడుస్తుంది. ఒక్కొక్క విలువకు 10 బిట్లు పడతాయి కనుక సెకనుకు 3,125 విలువల కంటే ఎక్కువ పోవు. పాత వాద్యం లోపలి జ్ఞాపకస్థలం చిన్నది కావడంతో, ప్యాచ్‌లన్నీ ఒకేసారి విడవకుండా పంపితే మధ్యలో కొన్ని జారిపోతాయి. అందువల్ల మిడి సందేశాలను పంపడానికి వాడే మిడి-ఆక్స్ వంటి మంచి ఉచిత సాధనాల్లో, సందేశాల మధ్య ఎన్ని మిల్లీసెకన్లు ఆగాలో మనమే నిర్ణయించుకునే వీలు ఉంటుంది. బెంగళూరులో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఎస్‌పీ రోడ్ దుకాణాల్లో తక్కువ ధరకు దొరికే యూఎస్‌బీ మిడి కేబుళ్లు మామూలు వాయింపుకు సరిపోయినా, ఇలాంటి పొడవైన సందేశాలను కొన్నిసార్లు విరిచి పంపుతాయి. ప్యాచ్ సగమే మారి విచిత్రంగా పలికితే ఎడిటర్‌ను అనుమానించే ముందు కేబుల్ మార్చి చూడడం మంచిది.

అమరికలు మార్చుకోవడం ఒక ఎత్తు, మనదైన ధ్వనిని ఎక్కించుకోవడం మరో ఎత్తు. సంస్థలు ఇచ్చే ధ్వనుల్లో తబలా, ఢోలక్ ఉంటాయి, కానీ మన డప్పు సరైన నాదంతో పలకడం నేను ఎక్కడా వినలేదు. దాన్ని మనమే రికార్డు చేసి, కోసి, పేర్చుకోవాలి. ఈ పనికి నేను వాడేవి రెండు. ఒకటి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టగా 2000లో విడుదలైన, ధ్వనిని రికార్డు చేసి కోసే ఆడాసిటీ. రెండోది ఇటలీకి చెందిన అలెస్సాండ్రో కొమీను ఆరంభించిన హైడ్రోజన్ అనే డ్రమ్ సాఫ్ట్‌వేర్; ప్యాడ్ మీది దెబ్బను మిడి ద్వారా అందుకుని, మనం పేర్చిన ధ్వనిని కంప్యూటర్ నుంచి పలికిస్తుంది. రెండూ ఉచితమే, రెండింటి మూలకోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది.

బతుకమ్మ వేడుకకు కరీంనగర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన డప్పును, ఆయన అనుమతితో, నగరం బయట ఖాళీ స్థలంలో రికార్డు చేశాము. గదిలో చేస్తే గోడల ప్రతిధ్వని దెబ్బతోపాటు శాశ్వతంగా అతుక్కుంటుంది, దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా విడదీయలేదు. కుడిచేతి సిర్రతో కొట్టే నిండు దెబ్బను మెల్లగా మొదలుపెట్టి క్రమంగా బలం పెంచుతూ తీసుకున్నాము, ఎడమచేతి చిటికెన పుల్ల ఇచ్చే సన్నని చిటుకును వేరుగా తీసుకున్నాము. మధ్యలో ఆయన తనంతట తానే ఆపి, "తోలు సల్లవడ్డది బిడ్డా, మల్ల కాపాలె" అని మంట దగ్గరికి వెళ్లారు. తరువాత ఆడాసిటీలో తరంగాలను పక్కపక్కన పెట్టి చూస్తే, కాచిన తరువాతి దెబ్బ మొదటి శిఖరం నిట్టనిలువుగా, పదునుగా కనిపించింది, చల్లబడినప్పటి దెబ్బ వాలుగా లేచింది. ఆయన చెవి చెప్పినదాన్నే తెర చూపించింది. అందుకే కాచిన వెంటనే తీసిన దెబ్బలను మాత్రమే ఉంచుకున్నాము.

కోయడంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఆరంభం. ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, అంటే 44,100 నమూనాల లెక్కన రికార్డు చేసినప్పుడు, దెబ్బకు ముందు 441 నమూనాల నిశ్శబ్దం మిగిలిపోయినా 10 మిల్లీసెకన్ల ఆలస్యం వచ్చినట్లే. వినేవారికి అది తెలియకపోవచ్చు కానీ వాయించేవారి చేతికి తెలుస్తుంది, నడక బరువెక్కుతుంది. తరంగం మొదటిసారి కదిలే చోటుకు దగ్గరగా పెద్దది చేసి చూసి, ఎంచుకున్న భాగం అంచులను సున్నా గీత దగ్గరికి జరిపే జెడ్ మీట నొక్కి కోస్తే, మొదట్లో టప్పుమనే అదనపు చప్పుడు రాదు. చివరి భాగాన్ని మాత్రం తొందరపడి కోయకూడదు. డప్పు చట్రం మోత దెబ్బ తరువాత కొంతసేపు నిలిచి ఉంటుంది, అది పోతే మిగిలేది అట్టపెట్టె చప్పుడే.

ఈ ముక్కలను హైడ్రోజన్‌లో ఒకే వాద్యం కింద పొరలుగా పేర్చాలి. మిడిలో దెబ్బ బలం 127 వరకు ఉంటే, హైడ్రోజన్ దాన్ని 0 నుంచి 1 వరకు ఉండే కొలతగా చూపుతుంది. మెత్తని దెబ్బ పొర ఎక్కడ ముగియాలో, నిండు దెబ్బ ఎక్కడ మొదలవ్వాలో గీతలు జరిపి నిర్ణయించుకోవాలి. మెత్తని దెబ్బను సహజంగా ఉన్న తక్కువ స్థాయిలోనే వదిలి, పైగా బలాన్నిబట్టి స్థాయి తగ్గించే అమరికను కూడా ఉంచితే, తగ్గింపు రెండుసార్లు జరిగి ఆ దెబ్బ వినపడకుండా పోతుంది. రెండింటిలో ఏదో ఒకటే ఉండాలి. ఇక ఒకే ముక్క పదేపదే మోగితే త్వరిత కాలంలో యంత్రం చప్పుడులా వినిపిస్తుంది కాబట్టి, ఒకే బలానికి ఉన్న దెబ్బలను ఒకదాని తర్వాత ఒకటిగా పలికించే రౌండ్ రాబిన్ పద్ధతి కూడా ఇందులో ఉంది. వేళ్లతో తోలును అదిమి కొట్టిన మూత దెబ్బనూ, విడి దెబ్బనూ ఒకే మ్యూట్ గ్రూపులో ఉంచితే, మూత దెబ్బ పడగానే విడి దెబ్బ మోత ఆగిపోతుంది. డ్రమ్ సెట్లో హై-హ్యాట్ అనే జంట తాళాల కోసం పుట్టిన ఈ ఏర్పాటు మన డప్పుకు ఇంత చక్కగా అమరడం చూసి చాలా సంతోషపడ్డాను.

ఇలా పేర్చిన ధ్వనుల సమితిని, అంటే కిట్‌ను, హైడ్రోజన్ ఒకే మూటగా దాస్తుంది. ఆ మూటను విప్పితే లోపల ధ్వని ఫైళ్లు, వాటి అమరికలు రాసిన ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే, చదవగలిగే అక్షరాల రూపంలోని ఒక ఫైలు ఉంటాయి. ఎస్‌ఎఫ్‌జెడ్ అనే మరో పద్ధతి ఇంకా సులువైనది, అది పూర్తిగా మామూలు పాఠమే (టెక్స్ట్). ఏ బలం నుంచి ఏ బలం వరకు ఏ ఫైలు పలకాలో వరుసగా రాసి ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో తెరిచి దిద్దుకోవచ్చు. నేను స్వతంత్ర సాఫ్ట్‌వేర్‌ను ఇష్టపడటానికి అసలు కారణం ఇదే. రేపు హైడ్రోజన్ అభివృద్ధి ఆగిపోయినా నా డప్పు నా దగ్గరే ఉంటుంది, కొత్త సాధనం రాసేవారు ఆ ఫైలు చదివి అదే డప్పును మళ్లీ పలికించగలరు.

కిట్‌లో రచయిత పేరుకూ, లైసెన్సుకూ ప్రత్యేకంగా గడులు ఉంటాయి. మనవాళ్లు వాట్సాప్‌లోనూ పెన్‌డ్రైవ్‌లలోనూ పంచుకునే టోన్లలో, అంటే ప్యాడ్ ధ్వనుల ఫైళ్లలో, ఆ గడులు దాదాపు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి. ఆ దెబ్బ ఎవరి చేతిది, ఆయన దేనికి ఒప్పుకున్నాడు అనేది ఎవరికీ తెలియదు. డప్పు కళాకారుడి దెబ్బను రికార్డు చేసి, దానితో ఆయన లేకుండానే కార్యక్రమాలు నడిపించుకుంటున్నప్పుడు, ఆయన పేరు రాయడం కనీస ధర్మం. అమ్మకానికి పెట్టిన కిట్ అయితే ఆయనకు వాటా కూడా ముట్టాలి. మేము తీసిన కిట్‌లో పెద్దాయన పేరు ఉంది. దాన్ని ఆయన ఒప్పుకున్న మేరకే, పరిచయస్తుల మధ్య మాత్రమే వాడుతున్నాము.

బెంగళూరులో ప్యాడ్ వాయించే తెలుగువారిలో నాలాగే కోడ్ రాసేవారు చాలామంది ఉన్నారు. వారిని నేను కోరేది చిన్న పనే. 2015 నుంచి క్రోమ్ బ్రౌజర్ నేరుగా మిడి పరికరాలతో మాట్లాడగలుగుతోంది, వాడుకరి అనుమతి ఇస్తే సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ సందేశాలను కూడా పంపగలుగుతుంది. అంటే దేన్నీ ఇన్‌స్టాల్ చేయకుండానే ఒక పాత ప్యాడ్‌కు ఎడిటర్ తయారుచేయవచ్చు. మీ ఇంట్లో ఉన్న ప్యాడ్ కరదీపికలో చిరునామాల పట్టిక ఉంటే, ముందుగా దాన్ని కంప్యూటర్ చదవగలిగే మామూలు పాఠంగా ఎక్కించి అందరికీ అందేచోట ఉంచండి. నేను నా ప్యాడ్ పట్టికతో ఆ పని మొదలుపెట్టాను. స్థాయి, శ్రుతి, నిడివి చిరునామాలు సరిచూడటం అయింది, ఎఫెక్ట్‌ల చిరునామాలు ఇంకా సరిచూడవలసి ఉంది.