నాలుగు సీసాలు, నాలుగు పాత పేపర్లు

శనివారం, రాత్రి పదకొండు దాటింది

సీసాల పేర్లు దాచి వైన్లూ విస్కీలూ రుచి చూడడానికి వచ్చిన స్నేహితులు వెళ్లి అరగంటయింది. గ్లాసులు ఇంకా సింకులోనే ఉన్నాయి. ముందు ఇది రాసేసి తర్వాత కడుగుతాను, లేకపోతే పొద్దున్నకి సగం మర్చిపోతాను.

మధ్యాహ్నమంతా సీసాలు తిప్పి వెనక లేబుళ్లు చదవడంతోనే సరిపోయింది. బంగారు రంగు అక్షరాలూ కోట బొమ్మలూ ముందువైపు ఉంటాయి. నాకు కావలసింది వెనకాల సన్నటి అక్షరాల్లో దొరుకుతుంది. ఇంటికి నలుగురు వస్తున్నారంటే జేబుకి బరువు కాకూడదు, వచ్చినవాళ్లకి వెలితిగానూ ఉండకూడదు. ఈ రెండూ కుదిరే సీసా వెతకడమంటే నాకు భలే ఇష్టం.

ఈసారి వైన్లు జోడీగా కొన్నాను. ఒకటి ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు పేరున్న వైన్, రెండోది దాని ధరలో సగం కూడా లేని చిలీ కార్మెనేర్, అంటే ఆ పేరున్న ద్రాక్షతో చేసింది. ఈ రెండింటికీ చుట్టరికం ఉంది. కార్మెనేర్ అసలు బోర్డో ద్రాక్షే. 19వ శతాబ్దంలో ఫిలాక్సెరా అనే పేనుబంక లాంటి పురుగు ఫ్రాన్సు తోటల్ని వేళ్ల దగ్గర్నుంచి తినేసినప్పుడు, అక్కడ ఈ రకం దాదాపు కనుమరుగైంది. అంతకుముందే చిలీకి వెళ్లిన మొక్కలు మాత్రం బతికాయి, కాకపోతే వేరే పేరు మీద. అక్కడివాళ్లు దాన్ని మెర్లో అనే ఇంకో ద్రాక్ష రకం అనుకునే పెంచుకున్నారు. 1994లో జాన్ మిషెల్ బూర్సికో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తోటలో తీగల్ని చూసి, ఇది మెర్లో కాదు, కార్మెనేర్ అని తేల్చాడు. అన్నేళ్లు సొంత పేరు కూడా లేకుండా గడిపిన ద్రాక్ష అది. పుట్టింటి పేరుతో అమ్ముడుపోయే వైన్ పక్కన దాన్ని ఒకసారి నిలబెట్టి చూడాలని నాకు ఎప్పటి నుంచో ఉంది.

విస్కీల్లో ఒకటి నేను కొన్నాను, ఇంకోటి మావాడొకడు తెచ్చాడు. వాడిది 18 ఏళ్ల సింగిల్ మాల్ట్, అంటే మొలకెత్తిన బార్లీతో ఒకే డిస్టిలరీలో చేసింది. నాది వయసు రాయని బ్లెండెడ్ మాల్ట్. వేర్వేరు డిస్టిలరీల మాల్టులు కలిపింది, ఇతర ధాన్యాలతో చేసే గ్రెయిన్ విస్కీ చుక్క కూడా ఉండదు. లేబుల్ మీద ‘బ్లెండెడ్’ అన్న మాట చూడగానే చాలామంది సీసా వెనక్కి పెట్టేస్తారు. ఆ పక్కన ‘మాల్ట్’ అని ఉందో లేదో చూడరు. వయసు సంగతీ అంతే. స్కాచ్ సీసా మీద 18 అని ఉంటే, అందులో కలిసిన వాటిలో అన్నిటికన్నా చిన్నదానికి 18 ఏళ్లని అర్థం. ఏమీ రాయకపోయినా ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్లు ఉండి తీరాలి, అది చట్టం. పీపాలోంచి ఏటా దాదాపు 2 శాతం ఆవిరైపోతుంది, దాన్ని దేవతల వాటా అంటారు. ఎక్కువ వయసున్న సీసా కొంటే ఆ వాటా కూడా మనమే కట్టాలి, అన్నేళ్ల గోడౌను అద్దెతో సహా.

మావాళ్లలో ఇవాళ కారు నడిపేవాడు తాగనన్నాడు. అందుకే పోసే పనీ లెక్క రాసే పనీ వాడికే అప్పజెప్పాం. నాలుగు సీసాలకీ పాత పేపరు చుట్టి, మెడకి రబ్బరుబ్యాండు బిగించి, మీద స్కెచ్ పెన్‌తో ఒకటీ రెండూ అని అంకెలు వేశాడు. అంత శ్రద్ధగా వేస్తుంటే చూడ్డానికి ముచ్చటేసింది. వంటగదిలో పోసి గ్లాసులు మాత్రమే బయటికి తెచ్చాడు. తాగకపోయినా ప్రతి గ్లాసూ వాసన చూసి తన అభిప్రాయం కూడా ఓ పక్కన రాసుకున్నాడు.

ముందు వైన్లు. రెండో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే “ఒరేయ్, పచ్చి క్యాప్సికం కోసినట్టుంది” అన్నాడొకడు. కార్మెనేర్ గుర్తే అది, కానీ నేను నోరు మెదపలేదు. మొదటిది వగరుగా, నాలుక పక్కల్ని పట్టేసేలా ఉంది. రెండోది మెత్తగా దిగింది. ఓట్లు మూడు రెండోదానికి, ఒకటి మొదటిదానికి. ఆ ఒక్కటీ నాదే, నాకు ఆ వగరు ఇష్టం. పేపర్లు విప్పితే గెలిచింది చిలీ సీసా. 1976లో పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వైన్ వ్యాపారి ఇలాగే పేర్లు దాచి రుచి చూపిస్తే, ఫ్రెంచి న్యాయనిర్ణేతలే కాలిఫోర్నియా వైన్లకి మొదటి స్థానం ఇచ్చారని చెప్పాను. తర్వాత పది నిమిషాలు దాని మీదే వాదన.

విస్కీ దగ్గరకొచ్చేసరికి ఒకడు ముదురు రంగు గ్లాసు ఎత్తి చూపించి, పాతది ఇదేనని తేల్చేశాడు. కాదు, అది నాది. స్కాచ్‌లో రంగు కోసం కారమెల్ కలపడానికి అనుమతి ఉంది, అందుకే రంగుని బట్టి వయసు చెప్పలేం. రుచిలో మాత్రం 18 ఏళ్లదే మూడు ఓట్లతో గెలిచింది. గెలవాల్సిందే. మింగాక కూడా చాలాసేపు నోట్లో నిలిచింది. తర్వాత రెండు గ్లాసుల్లోనూ చెరో చెంచా నీళ్లు కలిపి మళ్లీ చూశాం. ఘాటు తగ్గాక నాదాంట్లోంచి సన్నటి పొగ వాసన పైకి తేలింది, ఓట్లు చెరి రెండూ అయ్యాయి. నీళ్లు పడితే పొగ వాసననిచ్చే గ్వాయకాల్ అణువులు ద్రవం పైపొర దగ్గర చేరతాయని 2017లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్ నమూనాలతో చూపించారు. నీళ్లు కలిపితే విస్కీ పాడవుతుందని వాదించే మావాడు ఇవాళ ఏమీ అనకుండా రెండో చెంచా కూడా పోసుకున్నాడు.

పోయిన నెల సంగతి కూడా ఇక్కడ రాసుకోవాలి. అప్పుడు తీసిన సీసా తడిసిన అట్టపెట్టె వాసన కొట్టింది. బిరడాలోంచి టీసీఏ అనే పదార్థం దిగితే అలాగే అవుతుంది. అందరూ నా మొహం చూసి ఊరికే తాగేశారు, నేనూ మొహమాటానికి ఏమీ అనలేదు. ఆ రోజే సీసా పక్కన పెట్టేసి ఉండాల్సింది, స్నేహితులకి అలాంటిది పోయకూడదు. ఇవాళ్టి కార్మెనేర్‌కి మరమూత ఉంది, ఆ బెంగ లేకపోయింది.

వచ్చేసారికి రెండు అనుకున్నాను. ఒకటి కావా అనే స్పెయిన్ నురుగు వైన్, షాంపేన్‌లాగే సీసాలోనే రెండోసారి పులుస్తుంది, కనీసం 9 నెలలు ఈస్టు మడ్డి మీద ఉంచుతారు. ఇంకోటి ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ అని రాసున్న అమెరికన్ విస్కీ. 1897 నాటి చట్టం అది: ఒకే డిస్టిలరీ, ఒకే సీజను, కనీసం 4 ఏళ్లు, 50 శాతం ఆల్కహాలు. లేబుల్ మీద రెండు మూడు మాటల్లో ఇంత భరోసా ఇచ్చేవి తక్కువ.

కారు నడిపినవాడు గుమ్మం దగ్గర ఆగి, కార్మెనేర్ ఏమైనా మిగిలిందా అని అడిగాడు. ఓ గ్లాసుడు ఉంది. రేపు సాయంత్రం నడిచే వస్తాడట. మూత బిగించి, పాత పేపరు మళ్లీ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను.