మార్చి అమావాస్య లిస్టు: ఏది ముందు, ఏది తర్వాత

టెలిస్కోపుతో చూడాల్సిన వాటి లిస్టులో ఈసారి పద్నాలుగే రాసుకున్నా. మెస్సియే కేటలాగులో (నక్షత్ర గుచ్ఛాలు, నెబ్యులాలు, గెలాక్సీల జాబితా; ఎం1, ఎం42 లాంటివి అందులోని నంబర్లే) మొత్తం 110 ఉన్నాయి, మార్చి అమావాస్య దగ్గర ఒక్క రాత్రిలో వీలైనన్ని చూసేయాలని మారథాన్ చేసేవాళ్లూ ఉన్నారు, నాకు మాత్రం ఆ పరుగు పడదు. ఒక్కోదాని దగ్గర పది పదిహేను నిమిషాలు కూర్చుంటే తప్ప నా కంటికి ఏదీ సరిగ్గా ఆనదు.

వరస నంబర్ల ప్రకారం కాదు, పడమటికి దిగిపోయేవి ముందు. ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది, చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే సుమారు 10 డిగ్రీలు, కాబట్టి ఏది ఎంతసేపట్లో చెట్ల వెనక్కి పోతుందో పిడికిళ్లతోనే తేలిపోతుంది. అందుకే చీకటి పడగానే కృత్తికలు, ఎం1, ఓరియన్‌లో ఎం42, దాని కింద కుందేలు మండలంలో ఎం79. ఆ తర్వాత నడినెత్తిన ఎం35, కర్కాటకంలో ఎం44, ఎం67. సింహరాశి బాగా పైకి వచ్చాక గెలాక్సీలు.

టెలిస్కోపు 8 అంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ (సాదా తిరుగుడు పీఠం మీద ఉండే రకం), 25 మి.మీ. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెడితే 48 రెట్లు, ఒక డిగ్రీ పైచిలుకు ఆకాశం పడుతుంది. ఎం44 అందులో పట్టదు, దానికి 10×50 బైనాక్యులరే మేలు. అందుకే లిస్టులో ప్రతిదాని పక్కనా మూడే రాస్తున్నా: సైజు, ఏ చుక్క నుంచి వెతకాలి, ఎన్నింటిలోపు చూడాలి. రాయడం నల్ల ఇంకుతోనే, ఎర్ర లైటు కింద ఎర్ర అక్షరాలు మాయమైపోతాయి.

ఇక మాగ్నిట్యూడ్ సంగతి, అంటే ప్రకాశాన్ని చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. యాప్‌లో ఎం101 గెలాక్సీకి 7.9 అని ఉంటుంది, ఎం82 గెలాక్సీకి 8.4. అంకె చూస్తే ఎం101 తేలిక అనిపిస్తుంది కానీ దాని వెలుగంతా దాదాపు నిండు చంద్రుడంత మేర పరుచుకుని ఉంటుంది, కాస్త పొగమంచున్నా గల్లంతే. ఎం82 సన్నటి గీత, వెలుగు ఒకచోటే పోగుపడి ఉంటుంది కాబట్టి చటుక్కున దొరికింది, కాసేపు ఆగితే మధ్యలో నల్లటి గాటు కూడా. పక్కనే ఎం81 గుండ్రంగా, నడుమ కాస్త ప్రకాశంగా, రెండూ ఒకే ఫీల్డులో. ఎం101ని ఊరికి దూరంగా వెళ్లే రాత్రుల లిస్టులోకి మార్చేశా.

సింహం వెనక కాలి దగ్గర, థీటా, అయోటా చుక్కల మధ్య ఎం65, ఎం66 గెలాక్సీలు వెంటనే కనబడ్డాయి. మూడో గెలాక్సీ, ఎన్‌జీసీ 3628 (ఎన్‌జీసీ అనేది ఇంకో కేటలాగు), అసలు లేనట్టే ఉంది. చూపు కాస్త పక్కకు పెట్టి ట్యూబుని వేలితో మెల్లగా తట్టాను, కదలిక వల్ల కన్ను పట్టేస్తుంది కదా, అప్పుడు పొడవాటి మసక చార ఒకటి తేలింది, మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. మూడూ సుమారు మూడున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. ఆ రాత్రి ఎక్కువ టైమ్ తిన్నది ఈ మూడోదే, ఎం51 దాకా వచ్చేసరికి మంచు పడి అద్దం మసకబారింది.

రోజుల విషయానికొస్తే, బహుళ అష్టమి నుంచి శుద్ధ తదియ దాకా సాయంత్రాలు పనికొస్తాయి. అష్టమి చంద్రుడు అర్ధరాత్రి దగ్గర గానీ రాడు, తదియవాడు తొందరగానే దిగిపోతాడు. నక్షత్రాలు నెలకు రెండు గంటలు ముందుకు జరుగుతాయి కాబట్టి ఏప్రిల్ లిస్టులోంచి ఎం79, ఎం1 కొట్టేశా. వాటి స్థానంలో కన్యారాశి గెలాక్సీలు, ఎం104, వీటికంటే ముందు మిగిలిపోయిన ఎం51. అద్దం మీది మంచు ఆరబెట్టడానికి హెయిర్ డ్రయర్ సంగతి కూడా చూడాలి, బ్యాటరీతో నడిచేది.